నడుం నొప్పి తగ్గింది సరే, దేనివల్ల తగ్గింది?

(నడుం నొప్పి వైద్యాల మీద ఒక ఫిజియోథెరపిస్టు ఇచ్చిన ఉపన్యాసం ఇది. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాసినది. మాటలు వీలైనంతవరకు ఉన్నవున్నట్టే ఉంచాం.)

మొదలుపెట్టే ముందు ఒక్క మాట. ఈ గంటసేపూ కదలకుండా కూర్చోవాలని ఎవరూ అనుకోకండి. నడుం పట్టేసినట్టు అనిపిస్తే లేచి నిలబడండి, వెనక గోడ పక్కన నాలుగడుగులు వేసి రండి, మళ్ళీ కూర్చోండి. నేను మాట్లాడుతున్నానని మొహమాటపడొద్దు. నిజంగా చెబుతున్నాను, లేవండి.

సరే. జీవితంలో ఒక్కసారి కూడా నడుం నొప్పి రానివాళ్ళు చెయ్యెత్తండి. ఒకటి... రెండు... వెనక ఒకరు. అంతేనా? ఇప్పుడు నొప్పి మూడు నెలలు దాటినా పోనివాళ్ళు ఎత్తండి. చూశారా, ఒకసారి చుట్టూ చూడండి. 2020 లెక్కల ప్రకారం ప్రపంచంలో దాదాపు 62 కోట్ల మందికి నడుం నొప్పి ఉంది. ప్రాణం తీసే జబ్బు కాదు. కానీ మనిషిని పని చేయనీకుండా, సరిగ్గా బతకనీకుండా చేసే జబ్బుల్లో ఇదే అన్నిటికన్నా ముందుంది. ఇంతమందికి ఉన్న బాధకి వైద్యం కూడా అన్నే రకాలుగా ఉంటుంది కదా. మాత్రలు, ఇంజెక్షన్లు, బెల్టులు, బరువు కట్టి నడుముని లాగే ట్రాక్షను, సూదులు, మర్దనాలు, ఆపరేషన్లు. ప్రతిదానికీ 'నాకు దీంతోనే తగ్గింది' అని చెప్పేవాళ్ళు ఉంటారు. వాళ్ళు అబద్ధం చెప్పడం లేదు, వాళ్ళకి నిజంగానే తగ్గింది. మరి దేనివల్ల తగ్గింది? ఈ రోజు నేను మాట్లాడదామనుకున్నది అదొక్కటే.

నేను ఫిజియోథెరపిస్టుని. చాలా ఏళ్ళుగా నడుం నొప్పి ఉన్నవాళ్ళతోనే నా పని. ఒక్క సంగతి అడుగుతాను, మీరు డాక్టరు దగ్గరికి ఏ రోజు వెళ్తారు? నొప్పి కాస్త ఓర్చుకునేలా ఉన్న రోజు వెళ్తారా? వెళ్ళరు. మంచం మీంచి లేవలేని రోజు, చెప్పులు వేసుకోడానికి వంగలేని రోజు వెళ్తారు. పాత నడుం నొప్పి, అంటే మూడు నెలలు దాటినా పోనిది, ఎప్పుడూ ఒకేలా ఉండదు, అలలా పెరుగుతుంది, తగ్గుతుంది. అల బాగా ఎత్తుకి లేచిన రోజున మీరు నా దగ్గరికొస్తారు. ఆ రోజు నేను ఏం చేసినా, అసలేం చేయకపోయినా, రెండు వారాలకి అల కిందికి దిగుతుంది. మీరు నాకు దండం పెట్టి వెళ్తారు. ఆ దండం నాకు దక్కాలా, అలకి దక్కాలా?

మరి ఇది తేల్చుకునేది ఎలా? దానికే ట్రయల్స్. ట్రయల్ అంటే చాలామందికి కొత్త మందుని మన మీద ప్రయోగించి చూడడం అని ఒక భయం ఉంది. అసలు సంగతి ఏమిటంటే, ఒకేలాంటి బాధ ఉన్నవాళ్ళని పోగుచేసి, చీటీ వేసినట్టుగా రెండు గుంపులు చేస్తారు. ఒక గుంపుకి ఆ వైద్యం, రెండో గుంపుకి ఇంకోటి, లేదా ఉత్తుత్తి మందు, లేదా మామూలుగా జరిగే వైద్యం. చీటీ ఎందుకు వేయాలి? డాక్టరే ఎంచుకోవచ్చు కదా? ఎంచుకుంటే ఏమవుతుందంటే, తెలియకుండానే గట్టిగా ఉన్నవాళ్ళని, చెప్పినమాట వినేవాళ్ళని కొత్త వైద్యం వైపు పెట్టేస్తాడు. మనిషి బుద్ధి అది. చీటీకి ఆ పక్షపాతం ఉండదు. అల కిందికి దిగడం రెండు గుంపుల్లోనూ ఒకేలా దిగుతుంది, కాబట్టి చివర్లో రెండిటి మధ్య తేడా ఏమైనా మిగిలితే అది వైద్యం వల్ల వచ్చిందనుకోవచ్చు.

నొప్పి ఎంత తగ్గిందో కొలిచే మిషను ఏదీ లేదు. బాధపడేవాళ్ళనే అడగాలి. సున్నా నుంచి పది దాకా, లేదా వంద దాకా ఎంతుందో చెప్పమంటారు. ఇంకోటి రోలండ్-మోరిస్ ప్రశ్నావళి అని 1983 నుంచి వాడుతున్నారు, అందులో 24 వాక్యాలుంటాయి. నడుం వల్ల మామూలుకన్నా నెమ్మదిగా నడుస్తున్నాను, మెట్లెక్కేటప్పుడు కమ్మీ పట్టుకుంటున్నాను, ఇలాంటివి. ఈ రోజు మీకు ఏవి వర్తిస్తాయో వాటికి టిక్ పెట్టాలి. నాకు ఈ కాగితమంటే చాలా గౌరవం, ఎందుకంటే ఎక్స్‌రే ఎలా ఉందని కాకుండా బట్టలు వేసుకోగలుగుతున్నారా అని అడుగుతుంది.

ఇప్పుడు ఆక్యుపంక్చర్ సంగతి చూడండి. జర్మనీలో చేసిన పెద్ద ట్రయల్ ఒకటి 2007లో అచ్చయింది. 1,162 మంది, సగటున ఎనిమిదేళ్ళుగా నొప్పి పడుతున్నవాళ్ళు. మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆక్యుపంక్చర్ శాస్త్రం ప్రకారం సరైన చోట్ల సూదులు. రెండో గుంపుకి ఉత్తుత్తి సూదులు, అంటే శాస్త్రంలో చెప్పిన చోట్లు కాకుండా వేరేచోట, పైపైన గుచ్చారు. మూడో గుంపుకి మందులు, ఫిజియో, వ్యాయామం లాంటి మామూలు వైద్యం. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం తీసుకున్నవాళ్ళలో గుణం కనిపించింది 27.4 శాతం మందికి. సరైన సూదులు వేయించుకున్నవాళ్ళలో 47.6 శాతం. చూశారా, దాదాపు రెట్టింపు! ఇక్కడితో ఆపేస్తే ఆక్యుపంక్చర్ గెలిచింది. కానీ ఉత్తుత్తి సూదుల గుంపులో ఎంత? 44.2 శాతం.

ఒక్క నిమిషం ఆలోచించండి దీని గురించి. మామూలు వైద్యంతో పోలిస్తే సూదులు ఎంతో మేలు. ఉత్తుత్తి సూదులతో పోలిస్తే చెప్పుకోదగ్గ తేడా లేదు. రెండూ నిజమే, రెండూ ఒకే ట్రయల్‌లోవే. అమ్ముకునేవాళ్ళు మొదటి వాక్యం చెబుతారు, కొట్టిపారేసేవాళ్ళు రెండో వాక్యం చెబుతారు. నేనేం అనుకుంటానంటే, సూది ఎక్కడ గుచ్చారన్నది కాదు అక్కడ పనిచేసింది. వారానికి రెండుసార్లు అరగంట చొప్పున ఒక మనిషి శ్రద్ధగా చూడడం, తగ్గుతుందన్న ఆశ, కదలకుండా కాసేపు విశ్రాంతి, ఇవన్నీ కలిసి పనిచేశాయి. ఎనిమిదేళ్ళు బాధపడ్డ మనిషికి అది చిన్న విషయం కాదు. నేను దాన్ని తీసిపారేయను. కానీ ఫలానా చోట గుచ్చాలన్న సిద్ధాంతం మాత్రం ఆ లెక్కల ముందు నిలబడలేదు.

అందుకే ఎవరైనా 'ఇది పనిచేస్తుందని ట్రయల్‌లో తేలింది' అంటే మీరు అడగాల్సింది ఒక్కటే: దేనితో పోలిస్తే? మళ్ళీ చెబుతున్నాను, దేనితో పోలిస్తే?

ఆపరేషన్లకి వద్దాం, ఇక్కడ ఆ ప్రశ్న మరీ ముఖ్యం. ముందే ఒకటి స్పష్టంగా చెప్పాలి, నేను మాట్లాడుతున్నది ఫలానా కారణమని చెప్పలేని మామూలు పాత నడుం నొప్పి గురించి. ఎక్కువమందిది అదే. మూత్రం, మలం అదుపు తప్పినా, తొడల మధ్య, కూర్చునే చోట మొద్దుబారినా, కాలు రోజురోజుకీ బలం పోతున్నా, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలి, ఈ ఉపన్యాసం గుర్తు తెచ్చుకుంటూ కూర్చోకూడదు. జ్వరంతో నొప్పి వచ్చినా, అంతకుముందు క్యాన్సరు వచ్చినవాళ్ళయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, గట్టిగా కింద పడ్డాక నొప్పి మొదలైనా అంతే, ఆలస్యం చేయకుండా చూపించుకోవాలి. అవి వేరు.

ఇక మామూలు నొప్పికి వెన్నుపూసల్ని కలిపి బిగించే ఆపరేషను, ఫ్యూజన్ అంటారు. స్వీడన్‌లో 294 మందితో చేసిన ట్రయల్ 2001లో వచ్చింది. రెండేళ్ళ తర్వాత ఆపరేషన్ అయినవాళ్ళలో నొప్పి 33 శాతం తగ్గింది, మిగతావాళ్ళలో 7 శాతమే. ఆపరేషన్ గెలిచింది కదా? దేనితో పోలిస్తే? ఆ రెండో గుంపుకి ఇచ్చింది మామూలు ఫిజియోథెరపీ, అంటే అప్పటికే ఏళ్ళ తరబడి వాడి లాభం లేకపోయిన తరహా వైద్యమే. ఇప్పటిదాకా పనిచేయనిదే మళ్ళీ ఇస్తే ఎందుకు తగ్గుతుంది చెప్పండి?

రెండేళ్ళకి నార్వేవాళ్ళు ఇంకోలా చేశారు. 64 మందే, చిన్న ట్రయల్. ఆపరేషన్‌కి పోటీగా పాత ఫిజియో పెట్టకుండా, గట్టి కార్యక్రమం ఒకటి పెట్టారు. అందులో వ్యాయామం ఉంది, దాంతోపాటు నడుం అంటే ఏమిటో, వంగితే విరిగిపోదని, రోజువారీ పనులు చేసుకుంటే డిస్క్‌కి, అంటే వెన్నుపూసల మధ్య ఉండే మెత్తకి, ఏమీ కాదని కూర్చోబెట్టి వివరంగా చెప్పి, చేయించి చూపించారు. ఏడాది తర్వాత రెండు గుంపులూ సమానం. తర్వాత 2005లో బ్రిటన్‌లో 349 మందితో ఇంకో ట్రయల్ వచ్చింది, అందులోనూ ఆపరేషన్ వైపు తేడా చాలా స్వల్పం. ఆపరేషన్‌లో ఉండే ప్రమాదాన్ని, ఖర్చుని సమర్థించేంత తేడా కాదు. మూడు ట్రయల్సూ ఒకే ఆపరేషన్ మీదే. మారింది ఏమిటి? పోటీకి నిలబెట్టినది మారింది, అంతే.

ఆపరేషన్‌కి ముందు ఎమ్మారై ఉంటుంది. మీలో ఎంతమంది దగ్గర 'డిస్క్ బల్జ్' అని రాసిన రిపోర్టు ఉంది? 1994లో అమెరికాలో ఒక పని చేశారు. నడుం నొప్పి లేని 98 మందికి, అర్థమైందా, నొప్పి లేనివాళ్ళకి, ఎమ్మారై తీశారు. అందులో 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్క్ ఉబ్బి ఉంది. అన్ని డిస్కులూ మామూలుగా ఉన్నవాళ్ళు 36 శాతమే. ఏ నొప్పీ లేని మనుషులు వీళ్ళు! వయసుతో జుట్టు నెరిసినట్టే డిస్కులూ మారతాయి. రిపోర్టులో ఆ మాట చదివి, ఇక తను విరిగిపోయిన మనిషినని అనుకుని, మనవణ్ణి ఎత్తుకోవడం మానేసినవాళ్ళని నేను చూశాను. ఆ కాగితం వాళ్ళకి చేసిన కీడు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధేస్తుంది.

పడుకోమనే సలహా గురించి కూడా చెప్పాలి. నేను పని నేర్చుకున్న తొలి రోజుల్లో నొప్పొస్తే పడుకోబెట్టమనే మా పెద్దవాళ్ళు చెప్పేవాళ్ళు. నేనూ చెప్పాను, చాలామందికి చెప్పాను. అప్పుడే వచ్చిన నొప్పికి రెండు రోజులు పడుకున్నా, ఏడు రోజులు పడుకున్నా ఒకటేనని 1986లోనే ట్రయల్‌లో తేలింది. ఇక 1995లో ఫిన్లాండ్‌లో పడకా, వ్యాయామమూ, వీలైనంతవరకు మామూలు పనులు చేసుకోమనడమూ, ఈ మూడూ పోల్చి చూస్తే, మామూలుగా పనులు చేసుకున్నవాళ్ళే తొందరగా కోలుకున్నారు. పడకే అన్నిటికన్నా వెనకబడింది. ఆ సమాచారం మా దాకా, మా నుంచి మీ దాకా రావడానికి ఎందుకంత ఆలస్యమైందన్నది నన్ను చాలాకాలం తొలిచింది.

పరుపు సంగతి త్వరగా చెప్పేస్తాను, తర్వాత ఎలాగూ అడుగుతారు. గట్టి బల్ల మీద పడుకోవాలని అందరూ అంటారు. స్పెయిన్‌లో 313 మందికి కొందరికి గట్టి పరుపు, కొందరికి ఒక మాదిరి గట్టి పరుపు ఇచ్చి మూడు నెలలు చూశారు. ఒక మాదిరి గట్టివే మేలని తేలింది. అంతే.

ఇప్పుడు ఒక కథ, ఇది నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది. 2013లో డెన్మార్క్ నుంచి ఒక ట్రయల్ వచ్చింది. కొన్ని పాత నడుం నొప్పులకి డిస్క్‌లో చేరిన సూక్ష్మక్రిములు కారణమని వాళ్ళ వాదన. ఎమ్మారైలో ఒక రకం మార్పు ఉన్న 162 మందిని తీసుకుని కొందరికి వంద రోజులు యాంటీబయాటిక్ ఇచ్చారు, మిగతావాళ్ళకి డమ్మీ మాత్రలు. ఫలితం అద్భుతంగా వచ్చింది. పేపర్లన్నీ రాశాయి, నడుం నొప్పికి మందు దొరికిందని ఎక్కడ చూసినా అదే మాట. ఏళ్ళుగా బాధపడుతున్న మనిషికి ఆ వార్త చదివితే ఎలా ఉంటుందో ఊహించండి. యాంటీబయాటిక్స్ రాయమని అడిగేవాళ్ళు మొదలయ్యారు. తర్వాత నార్వేలో 180 మందితో అదే ఆలోచనని మళ్ళీ పరీక్షించారు, మూడు నెలలు మందిచ్చి. 2019లో ఫలితం వచ్చింది, రోగికి పనికొచ్చేంత తేడా ఏమీ లేదు.

దీనర్థం మొదటివాళ్ళు మోసం చేశారని కాదు. ఒక్క ట్రయల్ ఎప్పుడూ ఒక్క ట్రయలే. ఇంకోచోట, ఇంకొకళ్ళు, ఇంకొంచెం జాగ్రత్తగా చేసినప్పుడు కూడా అదే వస్తే అప్పుడు నమ్మాలి. వచ్చిన కొత్తలో గొప్పగా కనిపించి, రెండో ట్రయల్‌లో తేలిపోయినవి నడుం నొప్పి వైద్యంలో బోలెడు.

మందుల విషయం. నల్లమందు జాతి మాత్రలు, ఓపియాయిడ్స్, బలమైనవి కాబట్టి బాగా పనిచేస్తాయని అనుకుంటాం. 2018లో అమెరికాలో 240 మందితో ఏడాదిపాటు చేసిన ట్రయల్ ఉంది, పాత నడుం నొప్పి, మోకాలు, తుంటి అరుగుదల ఉన్నవాళ్ళు. ఓపియాయిడ్ వాడినవాళ్ళు మామూలు మాత్రలు వాడినవాళ్ళకన్నా ఏమాత్రం బాగా తిరగలేకపోయారు, నొప్పి అయితే మామూలు మాత్రల వాళ్ళకే కొంచెం తక్కువ. దుష్ప్రభావాలు మాత్రం ఓపియాయిడ్ గుంపులోనే ఎక్కువ. బలమైన మందు అంటే బలమైన గుణం అని కాదు.

మరి ఏదీ పనిచేయదా? అందరి ముఖాల్లోనూ ఆ ప్రశ్న కనిపిస్తోంది నాకు. పనిచేసేవి ఉన్నాయి. వ్యాయామం మీద 2021లో 249 ట్రయల్స్ కలిపి లెక్కవేశారు. ఏ వైద్యమూ చేయించుకోనివాళ్ళతో, మామూలు వైద్యంతో, ఉత్తుత్తి వైద్యంతో పోలిస్తే వంద పాయింట్ల కొలత మీద నొప్పి సుమారు 15 పాయింట్లు తగ్గింది. అరవై ఉండేది నలభై అయిదు అయిందనుకోండి. చాలా ఎక్కువా? కాదు. మనిషికి తెలిసేంత తేడానా? అవును. ఇందులో ఒక చిక్కు కూడా ఉంది, నిజాయితీగా చెప్పాలి: వ్యాయామం చేస్తున్న మనిషికి తను వ్యాయామం చేస్తున్నట్టు తెలియకుండా చేయలేం. మాత్ర అయితే డమ్మీ ఇవ్వొచ్చు, నడకకి డమ్మీ ఏం ఇస్తాం? అందుకని ఆ 15లో కొంత ఆశ వల్ల వచ్చింది కూడా ఉండొచ్చు. పైగా అది సగటు. ఒకరికి నలభై తగ్గి ఉంటుంది, ఇంకొకరికి ఏమీ తగ్గి ఉండదు. మీకు ఎంత తగ్గుతుందో ఏ ట్రయలూ ముందే చెప్పలేదు.

నాకు బాగా ఆశ కలిగించినది 2023లో ఆస్ట్రేలియా నుంచి వచ్చింది. 492 మంది, పాత నొప్పితో పనులు కుంటుపడ్డవాళ్ళు. ఫిజియోలకి ప్రత్యేకంగా శిక్షణ ఇచ్చి, ఒక్కో మనిషితో ఏడు సిట్టింగుల దాకా కూర్చోబెట్టారు. ఏం చేశారు? ముందు ఆ మనిషి కథంతా విన్నారు. దేనికి భయపడుతున్నాడో, ఏ పని మానేశాడో కనుక్కున్నారు. తర్వాత సరిగ్గా ఆ పనినే, వంగడమో బరువెత్తడమో, ఊపిరి బిగపట్టకుండా, ఒళ్ళు బిగించకుండా కొంచెం కొంచెంగా చేయించారు. నిద్ర, అలవాట్ల గురించి మాట్లాడారు. మామూలు వైద్యంతో పోలిస్తే, ఇందాక చెప్పిన 24 వాక్యాల కాగితంలో సగటున 4.6 వాక్యాల తేడా వచ్చింది. ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచే ఉంది. నడుం నొప్పిలో ఇది అరుదు, చాలా వైద్యాల గుణం మూడు నెలలకే కరిగిపోతుంది. వాళ్ళు కొత్త మిషను ఏదీ వాడలేదు, గమనించండి. విన్నారు, భయం పోగొట్టారు, కదిలించారు.

ఇంకోటి 2024లో, ఇదీ ఆస్ట్రేలియాలోనే. నడుం నొప్పి వచ్చి తగ్గిన 701 మందిలో కొందరికి ఫిజియో సాయంతో ఎవరికి తగ్గట్టు వాళ్ళకి నడక కార్యక్రమం వేసిచ్చారు, మెల్లగా పెంచుకుంటూ వారానికి అయిదు రోజులు అరగంట చొప్పున నడవాలన్నది గురి. మిగతావాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. ఏమీ ఇవ్వనివాళ్ళలో సగం మందికి 112 రోజుల్లోపే నొప్పి తిరగబెట్టింది. నడిచినవాళ్ళలో అదే 208 రోజులు పట్టింది. నడక! ఇది వచ్చిన నొప్పిని తగ్గించే ట్రయల్ కాదు, తిరగబెట్టకుండా ఆపే ట్రయల్, ఆ తేడా మాత్రం గుర్తుంచుకోండి.

ప్రశ్నలు

బెల్టు గురించి అడిగారు ఈ అమ్మ. అమ్మా, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో పాత నడుం నొప్పికి మొదటిసారి మార్గదర్శకాలు ఇచ్చింది. మామూలుగా అందరికీ బెల్టు, ట్రాక్షను ఇవ్వొద్దని అందులో ఉంది. ఓపియాయిడ్లూ వద్దంది. నొప్పి గురించి వివరంగా చెప్పడం, వ్యాయామం, మనసుకి సంబంధించిన చికిత్సలు, మర్దనా, కొన్ని నొప్పి మాత్రలు, వీటిని ఇవ్వొచ్చంది. మీరు బెల్టు చాలాకాలంగా పెట్టుకుంటుంటే ఒక్కసారిగా తీసేసి భయపడొద్దు, మీ ఫిజియోతో మాట్లాడి మెల్లగా తగ్గించుకోండి.

డమ్మీ మాత్ర ఇవ్వడం మోసం కాదా అని అడిగారు ఆ బాబు. మంచి ప్రశ్న. ట్రయల్‌లో ముందే చెబుతారు, మీకు అసలుది రావొచ్చు, డమ్మీ రావొచ్చు అని, ఒప్పుకుంటేనే చేరతారు. ఇంకో వింత చెబుతాను. లిస్బన్‌లో పాత నడుం నొప్పి ఉన్నవాళ్ళకి 'ఇది డమ్మీ మాత్ర, ఇందులో మందు లేదు' అని చెప్పి మరీ ఇచ్చారు, 2016లో వచ్చిన ట్రయల్ ఇది. మూడు వారాల్లో మామూలు వైద్యం మాత్రమే తీసుకున్నవాళ్ళకన్నా, దానికి తోడు ఆ డమ్మీ మాత్ర కూడా వేసుకున్నవాళ్ళకి నొప్పి బాగా తగ్గింది. చిన్న ట్రయల్, తక్కువ రోజులు, దాని మీద మేడలు కట్టొద్దు. కానీ నొప్పిలో మెదడు పాత్ర ఎంతుందో చూపిస్తుంది. అంటే నొప్పి అబద్ధమని కాదండీ, నొప్పి ఎప్పుడూ నిజమే.

చివరి ప్రశ్న, మూడో వరసలో. మిమ్మల్ని ఒక ట్రయల్‌లో చేరమన్నారు, పోలిక గుంపులో పడితే నష్టపోతానేమోనని భయంగా ఉంది, అంతేనా? భయపడడం సహజం. చేరేముందు అడగండి: రెండో గుంపుకి ఏం ఇస్తారు, నా మామూలు మందులు ఆపాలా, ఏదైనా తేడా చేస్తే ఎవరికి ఫోన్ చేయాలి, అయిపోయాక ఫలితం నాకు చెబుతారా. ఎప్పుడైనా మానేసే హక్కు మీకుంది, మానేశారని మీ వైద్యం ఆపకూడదు. ఏ వైద్యం మేలో ఎవరికైనా ముందే తెలిస్తే ట్రయలే అక్కర్లేదు, కాబట్టి పోలిక గుంపంటే ఓడిపోయిన గుంపని కాదు. ఇందాకటి ఆపరేషన్ల ట్రయల్స్‌లో చూశారుగా. ఒక్కటి మాత్రం మిమ్మల్ని బతిమాలుకుంటాను. మానేయాలనిపిస్తే ఊరికే వెళ్ళడం ఆపేయకుండా, వీలైతే ఎందుకు మానేస్తున్నారో వాళ్ళకి చెప్పండి. గుణం కనపడక మానేసినవాళ్ళు లెక్కలోంచి జారిపోతే, మిగిలినవాళ్ళని చూసి అందరికీ తగ్గినట్టే రాసుకుంటారు. వాళ్ళు ఇచ్చిన కాగితం తెచ్చుకున్నారా? ఇటు రండి, కలిసి చదువుదాం.